గ్రౌండుకి ఐదు రకాల కూర

ఆ రోజుల్లో, అంటే ఇంటికి ఫోన్ చెయ్యాలంటే చిల్లర గుప్పెట్లో పట్టుకుని బూత్ ముందు వరసలో నిలబడే రోజుల్లో, అరబ్బు దేశంలో జుబైల్ అనే ఊళ్ళో ఉండే మాలాంటి కుర్ర ఇంజనీర్లకి ముఖ్యంగా రెండు భయాలుండేవి. ఒకటి ఆకాశం మీంచి ఏం పడుతుందోనని, రెండోది మనం చదివిన కాలేజీని ఎవడు ఎక్కడ ఏమంటాడోనని. మొదటి భయం యుద్ధంతోపాటే పోయింది. రెండోది, తల మీద జుట్టంతా పోయినా, నాకింకా పూర్తిగా పోలేదు. నాలుగేళ్ళపాటు ఆ కాలేజీ మెస్సుని తిట్టుకుంటూ తిని, ఆ లెక్చరర్లని తిట్టుకుంటూ పరీక్షలు రాసి, ఎప్పుడు బయటపడతామా అని ఎదురుచూసినవాళ్ళం, సముద్రం దాటగానే దాని మీద ఈగ వాలనిచ్చేవాళ్ళం కాదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడది మాకు ప్రాణంతో సమానం.

మాది గోదావరి వైపు ఇంజనీరింగ్ కాలేజీ. వాళ్ళది రాయలసీమ కాలేజీ. (పేర్లు చెప్పను. చెబితే ఇది చదివేవాళ్ళలో సగం మంది మిగతా సగం మందితో మాట్లాడ్డం మానేస్తారు.) ఈ రెండు కాలేజీలకీ ఏటా ఒక ఫుట్‌బాల్ మ్యాచి జరిగేది. ఒక ఏడు వాళ్ళు రైలెక్కి వచ్చేవారు, ఒక ఏడు మేం వెళ్ళేవాళ్ళం. ఎవరు ఎక్కడికి వెళ్ళినా ఓడిపోయేది మాత్రం మేమే. ఆ టీములో నాకొక పదవి ఉండేది. హాఫ్‌టైంలో ఆటగాళ్ళు చప్పరించడానికి నిమ్మకాయలు కోసి, ఉప్పు జల్లి, స్టీలు గిన్నెలో పెట్టుకుని గీత పక్కన నిలబడడం. ఏటా మొదట్లో "ఈసారి నిన్ను తప్పకుండా ఆడిస్తాంరా" అనేవారు, తీరా ఆ రోజుకి గిన్నె చేతిలో పెట్టేవారు. దాంతో నా అసలు పేరు హాజరు పట్టీలో ఉండిపోయి, బయట "నిమ్మకాయ" అన్నది స్థిరపడిపోయింది. ఆఖరి ఏడాది మ్యాచిలో మాత్రం మేం ఓడకుండా బయటపడేవాళ్ళమే. ఆట ముగిసే ముందు వాళ్ళ కాలేజీవాడు, తాటిచెట్టంత పొడుగు మనిషి, మా గోలు ముందు ఒంటరిగా నిలబడి బంతిని లోపలికి తన్నేశాడు. అది ఆఫ్‌సైడ్, చెల్లని గోలు. నేను సరిగ్గా అతనికి ఎదురుగా, గీత పక్కనే ఉన్నాను గనక నాకు తెలుసు. గిన్నె ఎత్తి ఊపుతూ "ఆఫ్‌సైడ్! ఆఫ్‌సైడ్!" అని అరిచాను. నిమ్మచెక్కలు నేలపాలయ్యాయి తప్ప రిఫరీ నావైపు చూడలేదు.

చదువయ్యాక ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున జుబైల్ వచ్చాను. క్యాంపులో ఒక గదికి ఇద్దరు. తలుపు తీసేసరికి రెండో మంచం మీద కాళ్ళు బయటికి వేలాడేసుకుని పడుకున్న పొడుగు మనిషి లేచి కూర్చున్నాడు. నన్ను ఎగాదిగా చూసి, "నిన్ను యాడో చూసినానే మామా" అన్నాడు. నేనతన్ని వెంటనే గుర్తుపట్టాను. కంపెనీలో అంతమంది ఉండగా ఆ గోలు కొట్టినవాడే నాకు రూమ్మేట్‌గా దొరికాడు. అందర్నీ మామా అనే అలవాటు వల్ల క్యాంపంతా అతన్నే మామ అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. నిజం చెప్పాలంటే మామ మంచివాడు. వంటలో చెయ్యి తిరిగినవాడు. సామాన్లు నేను తెచ్చి, ఉల్లిపాయలు కోసి, గిన్నెలు తోమితే, వండేది అతను. ఆఫ్‌సైడ్ ఊసు రానంతసేపూ మా గది స్వర్గంలా ఉండేది. వచ్చిందా, అన్నం కూడా సయించేది కాదు.

పక్కదేశంలో యుద్ధం మొదలయ్యాక క్యాంపులో అందరికీ గ్యాస్ మాస్కులిచ్చి, కిటికీలకి గోధుమరంగు టేపు అంటించుకోమన్నారు. సైరన్ మోగితే తలుపు సందులు తడిగుడ్డతో మూసి, మాస్కు తగిలించుకుని లోపలే కూర్చోవాలి. మొదటిసారి మోగినప్పుడు ఇద్దరం కుక్కిన పేనుల్లా ఉన్నాం. దేవుణ్ణి తలుచుకున్నాం, ఇంట్లోవాళ్ళని తలుచుకున్నాం. సైరన్ మోగడం అలవాటయ్యేసరికి ఇక తలుచుకోడానికి కొత్తగా ఎవరూ మిగల్లేదు. అప్పుడు మామ మాస్కులోంచి ఏదో గురగురమన్నాడు. నాకు అర్థం కాలేదు. మాస్కు కొంచెం పక్కకి లాగి, "చచ్చేముందు ఒక మాట ఒప్పుకో మామా. ఆ పొద్దు అది గోలే కదా?" అన్నాడు. నేనూ మాస్కు లాగి, "చచ్చినా ఒప్పుకోను, అది ఆఫ్‌సైడే" అన్నాను. బయట ఏం పడుతోందో తెలీదు, లోపల ఇద్దరం మాస్కు లాగడం, ఒక మాట అనడం, భయమేసి మళ్ళీ తగిలించుకోవడం. ఆఖరికి మామ గోడ మీద గుద్ది, "ఈ యుద్ధం అయిపోనీ. మీ కాలేజోళ్ళని పిలువు, మా కాలేజోళ్ళని నేను పిలుస్తా. గ్రౌండ్‌లోనే తేల్చుకుందాం" అన్నాడు. సరే అన్నాను. యుద్ధం త్వరగా అయిపోవాలని ఆ వేళ నుంచి నాకంత పట్టుదల వచ్చింది.

అది అయిపోయింది కూడా. ఉత్తరాన తగలబడుతున్న నూనెబావుల పొగ మాత్రం కొన్నాళ్ళు మా నెత్తినే ఉంది. ఆరేసిన బనీన్లు నల్లగా తిరిగొచ్చేవి. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం క్యాంపు ముదీర్ మా గదికొచ్చాడు. (ముదీర్ అంటే అక్కడ మేనేజరు. గదులు, నీళ్ళు, కరెంటు, వెనకాలున్న ఆటల గ్రౌండు, అన్నీ ఆ పెద్దాయన చేతిలోనే.) కిటికీ టేపులు పీకారో లేదో చూద్దామని వచ్చినవాడు వంటవాసనకి అక్కడే ఆగిపోయాడు. మామ గుత్తివంకాయ చేస్తున్నాడు. ఒక రొట్టెముక్క మీద వంకాయ పెట్టి ఇచ్చాడు. ముదీర్ తిని, కళ్ళు మూసుకుని, "ఏష్ హాదా?" అన్నాడు, ఇదేంటని. "కూర" అన్నాడు మామ. ముదీర్ కళ్ళు తెరిచి, "కూరా?" అన్నాడు. "అవును, కూర" అన్నాం ఇద్దరం. ఆయన ఇంకో వంకాయని రెండువేళ్ళతో పట్టుకుని గుండ్రంగా తిప్పి, అరచేతిలో ఎగరేసి పట్టుకుని, "కూరా! కూరా!" అంటూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. ఎంత రుచిగా ఉంటే అంతలా నవ్వుతాడని మేమూ మురిసిపోయాం. ఒక అరబ్బు నోట తెలుగు మాట పలికించామన్న గర్వం నాకు కొన్నాళ్ళపాటు ఉండింది.

పొగ తగ్గాక మ్యాచికి జనం పోగుకావడం మొదలైంది. మా కాలేజీ తరఫున పెద్దదిక్కు కెప్టెన్ గారు. మాకన్నా బాగా సీనియరు, తన కాలంలో నిజంగానే కెప్టెను. ఇప్పుడు మాత్రం బంతి ఆయన కాళ్ళ దగ్గరుంటే పొట్ట అడ్డమొచ్చి ఆయనకి కనిపించదు. మరమ్మతులకి ప్లాంటు ఆపే షట్‌డౌన్లకి పథకాలు వెయ్యడం ఆయన ఉద్యోగం. ఏ వాల్వు ఎప్పుడు విప్పాలి, ఏ మనిషి ఎక్కడుండాలి అన్నీ ముందే చెప్పేవారు. మ్యాచినీ అలాగే పట్టుకున్నారు. దమ్మామ్, అల్ ఖోబర్, చుట్టుపక్కల ఊళ్ళన్నీ గాలించి మా కాలేజీవాళ్ళని లెక్క తేలిస్తే, పదిమందే తేలారు. ఎంత వెతికినా పదకొండోవాడు లేడు. కెప్టెన్ గారు నా వంక కాసేపు చూసి, ఇంకెవరూ లేరని మరోసారి తేల్చుకుని, "ఏరా నిమ్మకాయా, లెఫ్ట్ బ్యాక్ ఆడతావా?" అన్నారు. నాలుగేళ్ళు గీత బయట నిలబడ్డవాణ్ణి. ఆ గీత దాటి లోపలికి రమ్మని మొదటిసారి ఒకరు పిలిచారు. "ఆడతానండి" అన్నాను. "నిమ్మకాయలు కూడా నువ్వే తెచ్చెయ్ మరి, అలవాటున్నవాడివి." "తేనండి. ఈసారి నేను ప్లేయర్ని" అన్నాను. ఆయనతో అంత గట్టిగా మాట్లాడింది అదొక్కసారే.

ఆ వారం నేను నేల మీద నడవలేదు. బూట్లకి రోజూ పాలిష్. డ్యూటీ నుంచి రాగానే వరండాలో ఈ చివర్నుంచి ఆ చివరికి పరుగు. (పక్కగది పాకిస్తానీ మేస్త్రీ పాపం, మళ్ళీ సైరన్ మోగిందేమో అనుకుని ఒకసారి మాస్కుతో బయటికొచ్చాడు.) మా డ్రైవర్ భాయ్ ఖోబర్ నుంచి నీలంరంగు జెర్సీలు తెచ్చాడు. నాది మోకాళ్ళ దాకా ఉంది, పైగా వీపు మీద పన్నెండు అని ఉంది. పదకొండుమంది ఆడే ఆటలో నాకు పన్నెండేమిటని అడిగితే, "మిగిలింది గదే సాబ్" అన్నాడు భాయ్. దాన్నే తొడుక్కుని అద్దంలో చూసుకుని, పక్కకి తిరిగి చూసుకుని, వీపు కనిపించడం లేదని మామ షేవింగ్ అద్దం కూడా తీసుకుని చూసుకున్నాను.

అక్కడే గొడవొచ్చింది. మామ తన అద్దం లాక్కుని, కిటికీల కోసం తెచ్చిన టేపులో మిగిలిన చుట్ట తీసి గది మధ్యలో నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడకి అంటించాడు. "ఇంక మ్యాచి అయ్యేదాకా ఇది సెంటర్ లైను. ఇది మా హాఫ్, అది మీ హాఫ్. దాటితే ఫౌలు" అన్నాడు. సరేనన్నాను. తీరా చూసుకుంటే వంటగట్టు అతని హాఫ్‌లోకీ, బాత్‌రూం నా హాఫ్‌లోకీ వచ్చాయి. బాత్‌రూం విషయంలో మాత్రం పెద్దమనసుతో ఒప్పందం చేసుకున్నాం. వంట విషయంలో మామ కరగలేదు. అతను ఆ గీత అవతల మటన్ వేయిస్తుంటే, నేను ఇవతల కూర్చుని పెరుగులో రొట్టె ముంచుకు తినేవాణ్ణి. మామ ప్రతి తాలింపుకీ ముందు గరిటె టంగుమనిపించి, నావైపు చూసి, తర్వాత ఆవాలు వేసేవాడు.

గ్రౌండు అడగడానికి ముదీర్ దగ్గరికి నన్ను పంపారు. ఎందుకంటే మొత్తం రెండు టీముల్లోనూ అరబ్బీ వచ్చినవాణ్ణి నేనేనని నేనే చెప్పుకున్నాను. నా అరబ్బీ అంతా కూరగాయల కొట్టు దగ్గర నేర్చింది. మౌజూద్ అంటే ఉంది, మాఫీ అంటే లేదు, జీబ్ అంటే తీసుకురా. ఇవి మూడూ ఉంటే జీవితం గడిచిపోతుందని నా నమ్మకం. ముదీర్ సంతోషంగా విన్నాడు. ఫుట్‌బాల్ అంటే ఆయనకి పిచ్చి, రిఫరీగా తనే ఉంటానన్నాడు. తర్వాత వేలు ఊపుతూ, "మలాబ్ మౌజూద్. కూరా మాఫీ. ఇంత జీబ్ కూరా" అన్నాడు. మలాబ్ అంటే గ్రౌండని గోడ మీది బొమ్మ చూపిస్తే తెలిసింది. ఇంత అంటే నువ్వు, మిగతాది అర్థం చేసుకోడానికి నాకు బొమ్మ అక్కర్లేదు. గ్రౌండుంది, కూర లేదు, కూర నువ్వు తీసుకురా. గుత్తివంకాయ ఆయన మనసులోంచి ఇంకా పోలేదన్నమాట! నేను నవ్వి, "మౌజూద్, మౌజూద్" అన్నాను. ఆయన అంతటితో ఆగలేదు. "కూరా జదీద్" అన్నాడు. జదీద్ అంటే కొత్తది. పాచికూర పనికిరాదు, ఆ పూట వండిందే కావాలి, న్యాయమే. "హవా జేన్" అన్నాడు. గాలి బాగుండాలి, అంటే ఘుమఘుమలాడాలి. గుమ్మం దాకా వచ్చాక వెనక్కి పిలిచి, అయిదువేళ్ళూ చూపిస్తూ, "కూరా రగం ఖమ్సా, హా!" అన్నాడు. ఖమ్సా అంటే అయిదు. రగం ఏమిటో తెలీక ఒక్క క్షణం తడబడ్డాను, ఆ వెంటనే వెలిగింది. రకం! పెద్దాయన తెలుగులోనే చెబుతున్నాడు. ప పలకని అరబ్బులకి మాట మధ్యలో క మాత్రం ఏం పలుకుతుంది పాపం అనుకుని, "రకం ఖమ్సా, తమామ్!" అని, అంతా సరేనని చెయ్యి కలిపి వచ్చేశాను.

కెప్టెన్ గారు విని ముక్కు మీద వేలేసుకున్నారు. "అయిదు రకాలా? గ్రౌండుకి అద్దె కింద కూరలేంట్రా?" "ఆయనకి మామ వంటంటే ఇష్టమండి." "సరే, కూరలు ఇచ్చేద్దాం. బంతో? మెటీరియల్ సైటుకి రాకుండా ఏ పనీ మొదలెట్టకూడదు." ఇక్కడ నేనన్న మాట నన్ను ఈనాటికీ వదల్లేదు. "అదేంటండీ, గ్రౌండు పెట్టుకున్నవాడు బంతి పెట్టుకోడా?" అన్నాను. అంత సూటిగా అనేసరికి కెప్టెన్ గారికీ నిజమేననిపించింది. వాళ్ళ టీముకీ అదే కబురు పంపాం. వాళ్ళకీ నిజమేననిపించింది. ఇంతమంది ఇంజనీర్లం ఉన్నాం, ఒక్కడికీ అనుమానం రాలేదు.

మిగిలిన సమస్య వండేది ఎవరన్నది. అయిదు రకాలు వండగలిగినవాడు ఒక్కడే, వాడు టేపుకి అవతల ఉన్నాడు. గీత దగ్గర నిలబడి సంగతి చెప్పాను. కూరలు లేకపోతే గ్రౌండు లేదని, గ్రౌండు లేకపోతే మ్యాచి లేదని. మామ గరిటె కింద పెట్టి, "చేస్తా గానీ, నువ్వొక మాట అనల్ల" అన్నాడు. ఏ మాటో నాకు తెలుసు. "ఏం మామా, ఇది ధర్మమేనా?" అన్నాను. "ధర్మం నాకు తెల్దు. అది గోలు అను." ఒకపక్క చూస్తే నిజం, ఇంకోపక్క చూస్తే లెఫ్ట్ బ్యాక్. చాలాసేపు ఆలోచించి, "ఆఫ్‌సైడ్ కాదేమో" అన్నాను. "ఆ ఏమో తీసెయ్." "కాదనుకుంటా." "అనుకుంటా కూడా తీసెయ్ మామా." "ఆఫ్‌సైడ్ కాదు" అనేశాను, కిటికీ వైపు తిరిగి. మామ ఒక్క ఉదుటున వంగి నేల మీది టేపు పర్రుమని పీకేసి, "వంకాయలు యాడుండాయి? ఉల్లిగడ్డలు కొయ్యి" అన్నాడు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ పూట నేను కడుపునిండా తిన్నాను.

శుక్రవారం పొద్దున్నుంచి మా గదిలో పెళ్ళివంట. మాంసం కూర, కోడికూర, గుత్తివంకాయ, గుడ్ల కూర వరకూ గొడవ లేదు. అయిదోది బెండకాయ వేపుడు చేద్దామన్నాను. "వేపుడు కూర ఎట్లయితుంది? వేపుడు వేపుడే" అన్నాడు మామ. పోనీ చేపల పులుసు అంటే, "పులుసు కూడా కూర కాదప్పా. ముదీర్ రకం అని గట్టిగా చెప్పినాడంటివి. మళ్ళ లెక్కలో తేడా వస్తే నీదే పూచీ" అన్నాడు. ఆ మాటకి భయపడి బంగాళాదుంప కూర చేశాం. వండుతున్నంతసేపూ మామ తన ఆట ఎలా ఉండబోతుందో చెబుతూనే ఉన్నాడు. "నువ్వు లెఫ్ట్ బ్యాక్ కదా, నేను నీ పక్కనుంచే వస్తా. నీ ఎడమ దిక్కు నుంచి పోతా." "రా చూస్తాను" అన్నాను, ఉల్లిపాయల ఘాటుకి కళ్ళు తుడుచుకుంటూ. అంత ధైర్యంగా అన్నానే గానీ లోపల గుండె దడదడలాడుతోంది. అది భయం కాదు, సంతోషమే. చిన్నపిల్లాడికి పండగ ముందురోజు ఉండేలాంటి సంతోషం.

పొద్దువాలే వేళ అసర్ నమాజు అయ్యాక అందరం గ్రౌండుకి చేరాం. నీలం జెర్సీలు మావి, ఎర్రవి వాళ్ళవి. ఖోబర్ నుంచి కుటుంబాలు కూడా వచ్చి గట్టు మీద దుప్పట్లు పరుచుకున్నాయి. కెప్టెన్ గారు మమ్మల్ని వరసలో నిలబెట్టి, చేతులు పైకెత్తించి, దింపించి, ఎవరెక్కడ ఉండాలో కాలితో ఇసుకలో గీసి చూపించారు. నేను గీత దాటి లోపలికి అడుగు పెట్టి, నా చోట నిలబడి, ఊరికే అటూ ఇటూ రెండుసార్లు గెంతాను. ఎవరూ బయటికి పొమ్మనలేదు. అప్పుడొచ్చాడు ముదీర్. ట్రాక్‌సూటు, మెళ్ళో విజిలు, వెనక ఆయన స్నేహితులు. వస్తూనే నాతో, "సదీక్! వేన్ కూరా?" అన్నాడు. స్నేహితుడా, కూర ఎక్కడా అని. అంతమంది ముందు నా అరబ్బీ వెలిగే సమయం వచ్చిందని, ఆయన్ని చెయ్యిపట్టి తీసుకెళ్ళి, చాప మీది గిన్నెల మూతలు ఒక్కొక్కటే తీశాను. "కూర జదీద్! హవా జేన్!" అయిదువేళ్ళూ చూపించి, "రకం ఖమ్సా!" అన్నాను.

ముదీర్ మాంసం కూరని చూశాడు. కోడికూరని చూశాడు. గుత్తివంకాయ గిన్నె కొంచెం ఎత్తి దాని కింద చూశాడు. చాప వెనకాల చూశాడు. "కూరా వేన్?" అన్నాడు మళ్ళీ, ఈసారి మెల్లగా. నేను గిన్నెల వైపు చూపించి, కొంచెం గట్టిగా, "కూర" అన్నాను. "హాదా అకల్!" అన్నాడాయన, ఇది తిండి కదా అని. తర్వాత రెండుచేతులూ గుండ్రంగా పట్టి చూపించాడు. ఆ రోజు మా గదిలో వంకాయని ఎలా తిప్పాడో అలా తిప్పాడు. తిప్పి, దాన్ని గాల్లోకి ఎగరేసి, కాలితో ఫెడీమని తన్నాడు. అది చూడగానే నాకు వెలిగింది. అరబ్బీలో కూరా అంటే బంతి. కొత్తది, గాలి బాగా పట్టించింది ఒకటి తెమ్మన్నాడు పెద్దాయన. ఇరవై రెండుమంది ఆటగాళ్ళం, రిఫరీ, జనం, గోలుపోస్టులు, అయిదు రకాల కూర. బంతి మాత్రం లేదు.

"మెటీరియల్... మెటీరియల్ రాలేదురా" అన్నారు కెప్టెన్ గారు, ఎవరికో దండం పెడుతున్నట్టు చేతులు జోడించి. మామ మాత్రం ఇసుకలో కూలబడి, పొట్ట పట్టుకుని, "బంతిని వండించినావు కదప్పా నాతో!" అని నవ్వడం మొదలుపెట్టాడు. అక్కణ్ణుంచి నవ్వు రెండు టీములకీ అంటుకుంది. ముదీర్‌కి సంగతి చెప్పేసరికి ఆయన స్నేహితుల భుజాల మీద పడి నవ్వాడు. నేనొక్కణ్ణే నవ్వలేదు. జుబైల్‌లో శుక్రవారం ఆ వేళకి దుకాణాలన్నీ మూసే ఉన్నాయి. డ్రైవర్ భాయ్ వ్యాను తీసి, "ఖోబర్ దాకా పోయొస్త సాబ్, దొర్కితే దొర్కుద్ది" అని దుమ్ము లేపుకుంటూ వెళ్ళాడు. కూరలు చల్లారిపోతాయని ముదీర్ చాప మీద కూర్చుని "యాల్లా!" అన్నాడు, ఇంక కానివ్వండని. రొట్టెల సంచులు, కోసిన ఉల్లిపాయలు వచ్చాయి. ఇందాకటి దాకా ఒకళ్ళనొకళ్ళు మింగేసేలా చూసుకున్న నీలం చొక్కాలూ ఎర్ర చొక్కాలూ ఒకే గిన్నెలో చేతులు పెట్టాయి. ఉల్లిపాయలు కనబడగానే కెప్టెన్ గారు తలెత్తకుండా, పాత అలవాటుగా, "నిమ్మకాయా, కాయలేవిరా?" అన్నారు.

నేను తేలేదు. పౌరుషం కొద్దీ తేలేదు. కానీ ముదీర్ తన కారులోంచి ఒక సంచెడు తెప్పించాడు, దాంతోపాటే ఒక కత్తి. సంచి తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది. పన్నెండో నంబరు జెర్సీ, పాలిష్ చేసిన బూట్లు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు వేసుకుని, గీత బయట కూర్చుని నిమ్మకాయలు కోశాను. ఏడుపొచ్చింది. దాచుకోవడమెందుకు, నిజంగానే ఏడుపొచ్చింది. తలొంచుకుని కోస్తుంటే పక్కన పొడుగునీడ పడింది. మామ గొంతుక్కూర్చుని నా చేతిలో కత్తి తీసుకుని, "ఇట్టియ్యి మామా, నేను కోస్తా. నువ్వు పొయ్యి నీ జాగాలో నిలబడు. ఆట ఆడేటోడివి" అన్నాడు. అంత పెద్ద చేతులతో నిమ్మకాయ కొయ్యడం చేతకాక రసమంతా చొక్కా మీద పోసుకున్నాడు.

సూర్యుడు గోలుపోస్టు కిందికి దిగిపోతుండగా భాయ్ వ్యాను హారను మోగించుకుంటూ వచ్చింది. "ఒక్కటే దుకాన్ ఖుల్లా ఉండె సాబ్!" అని బంతిని కిటికీలోంచే విసిరాడు. ముదీర్ పట్టుకుని నాకు చూపించాడు. దాని మీద అచ్చేసి ఉంది, పెద్దల బంతి సైజు, అయిదో నంబరని. ఆ అయిదు మీద వేలితో పొడుస్తూ, "రగం ఖమ్సా, రగం ఖమ్సా!" అన్నాడు. రగం అంటే నంబరని అప్పుడు తెలిసింది. అందరూ లేచారు గానీ లేచినవాళ్ళలో నిటారుగా నిలబడగలిగినవాళ్ళు తక్కువ. మామ మాంసం కూర అలాంటిది. త్రేనుపుల మధ్య టాస్ వేశారు. మామ గెలిచి, "మొదటి దెబ్బ మీదే తీసుకోండి. కానీ ఆ నిమ్మకాయతోనే కొట్టించల్ల" అన్నాడు. కెప్టెన్ గారు ఒక్క క్షణం ఆలోచించి, పక్కకి జరిగి, "రారా" అన్నారు. లెఫ్ట్ బ్యాక్‌ని సెంటర్‌కి ఎవరూ పిలవరు. నేను నడిచివెళ్ళి ఆ కొత్త బంతి ముందు నిలబడ్డాను. అవతల మామ, చొక్కా నిండా నిమ్మరసంతో, నవ్వకుండా నిలబడ్డాడు. ముదీర్ విజిలు వేశాడు. నేను తన్నాను. కుడికాలితో, ఉన్న బలమంతా పెట్టి. బంతి ముందుకే వెళ్ళింది. మామ కాళ్ళ మధ్యలోంచి వెళ్ళింది. అది ఆగేలోపు మసీదులోంచి మగ్రిబ్ అజాన్, పొద్దుగుంకే వేళ నమాజు పిలుపు, మొదలైంది. ముదీర్ రెండోసారి విజిలు వేసి, "ఖలాస్" అని, అయిపోయిందని చెప్పి, బంతి చంకన పెట్టుకుని నమాజుకి వెళ్ళిపోయాడు.

వచ్చే శుక్రవారం మళ్ళీ ఆడదామనుకున్నాం. ఆ లోపలే షట్‌డౌన్ మొదలై కెప్టెన్ గారు దాన్లో మునిగిపోయారు, తర్వాత కొందరిని వేరే సైటుకి పంపారు, కొందరు ఇంటికి వెళ్ళి అక్కడే ఉండిపోయారు. ఆ మ్యాచి మళ్ళీ జరగలేదు. మామ ఇప్పుడు కడపలో ఉంటాడు. ఫోన్ చేసినప్పుడల్లా, "ఆఫ్‌సైడ్ కాదని నీ నోటితోనే అన్నావు, మర్చిపోవద్దు" అంటాడు. వంట కోసం అన్న మాట చెల్లదంటాను. అతనికి నేనెప్పుడూ గుర్తుచెయ్యని సంగతి ఒకటుంది. అన్నేళ్ళ పోటీలో మా కాలేజీ, వాళ్ళ చేతిలో ఓడిపోని మ్యాచి అదొక్కటే. స్కోరు సున్నా సున్నా. అందులో నేను ఆడాను. ఆటంటే ఆ ఒక్క తన్నే అయినా, గీత లోపలే ఉండి తన్నాను. మా ఆవిడ పొద్దున్నే వంటింట్లోంచి "ఏం కూర చెయ్యమంటారండీ?" అని అడుగుతుంది. నేను పేపరు చాటున నవ్వుకుంటూ ఉంటే, బల్ల కింద కుడికాలు దానంతటదే చెప్పులోంచి బయటికొచ్చి కొంచెం ముందుకి కదులుతుంది.